ఎర్రరంగు డబ్బా

సౌదీలోని దమ్మాం రేవులో ఓడల క్రేన్లనూ, సరుకులెత్తే గొలుసులనూ పరీక్షించే కంపెనీలో లింబాద్రి ఏళ్లుగా పనిచేస్తున్నాడు. మెట్‌పల్లి మనిషి. కోపం ముక్కుమీదే ఉంటుంది గానీ పనిలో చెయ్యి మాత్రం మహా నిదానం. ప్రతి గొలుసునూ తుడిచి, లంకె లంకెనూ వేళ్లతో తడిమి, బరువు కట్టి వేలాడదీస్తాడు. తట్టుకున్నదానికి పచ్చరంగు పూస్తాడు. సాగినదానికి ఎరుపు పూసి, మళ్లీ ఎవరూ వాడకుండా అక్కడికక్కడే కోసేస్తాడు.

ఆ ఏడు నితాఖత్ వచ్చింది, ప్రతి కంపెనీ ఇంతమంది సొంత దేశస్థులకు కొలువులివ్వాలనే చట్టం. సౌదీవాళ్లను తక్కువగా పెట్టుకున్న కంపెనీలన్నిటినీ సర్కారు ఎరుపు జాబితాలో వేసింది. లింబాద్రి కంపెనీ కూడా ఎరుపే. అందులో పనిచేసే పరదేశీల ఇఖామాలకు, అంటే అక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి కార్డులకు, ఇక గడువు పెంచరట.

మధ్యాహ్నం అన్నాల వేళ ఇంటికి ఫోన్ చేసి సంగతి చెప్పాడు. అంతా విని భార్య అంజవ్వ మెల్లగా అడిగింది.

"ఎరుపంటే నీ పని మంచిగ లేదనా?"

లింబాద్రికి చర్రున కోపమొచ్చింది. ఆమె మీద కాదు. ఎదురుగా ఉన్న ఎర్రరంగు డబ్బాకేసి కాసేపు చూశాడు.

"నా పని ఎవలు జూసిండ్రు అంజవ్వా? గొలుసుకు ఎరుపు పూసేముంగట నేనైతే ఒక్కపారన్న బరువు కట్టి చూస్త."