ఆపేసి ఉన్న మూడో మెషీన్

మా ఆఫీసు సర్వర్ గదిలో ఏసీ ఎంత గట్టిగా తిరిగినా సముద్రపు గాలి ఎక్కడినుంచో దూరేది. పాత సర్వర్ స్క్రూలకు తుప్పు పట్టింది. దాని ఫ్యాన్ల మోత వరండా దాకా వినిపించేది. కొత్త సర్వర్ ఓడలో వచ్చి దిగిన వారమే, పాతదాంట్లోని వర్చువల్ మెషీన్లను అందులోకి మార్చే పని నాకు అప్పగించారు. ఒకే పెట్టెలో పది పన్నెండు కంప్యూటర్లు దేని లోకంలో అది బతికే ఏర్పాటు అది. నడుస్తున్నవాటిని కదిలించాలంటే నాకు గుండె దడ. ఆపేసి ఉన్నవాటిని మార్చడం మాత్రం నిద్రపోతున్న పిల్లల్ని మంచం మార్చినంత సులువని అందరితో గొప్పలు పోయేదాన్ని.

ఆ ఆపేసి ఉన్నవాటిలో మూడోదాన్ని నేను మార్చలేదు. అందులో ఒక ముసలావిడ గొంతు ఉంది.

ఆవిడ, నాకంటే ముందు ఆ గది చూసుకున్నాయన తల్లి. ఆయన్ని బాబాయ్ అని పిలిచేదాన్ని. శ్రీకాకుళం వైపునుంచి వలలతో సహా ఈ దీవులకు వచ్చి బాంబూఫ్లాట్‌లో స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. ఏ గాలికి ఏ పేరో, ఓడలో ఎలా వచ్చారో, దిగిన రోజు ఏం వండుకున్నారో తల్లి చేత చెప్పించి రికార్డు చేశారు. ఫోన్లు ఉప్పుగాలికి చెడిపోతాయి, ఆఫీసులోనైతే పదిలం అని ఆయన నమ్మకం. పైవాళ్ళను అడిగి, ఖాళీగా ఉన్న ఒక మెషీన్లో అవన్నీ దాచుకున్నారు. ఆవిడ పోయాక దాన్ని ఆపేశారు. వినే ధైర్యం లేకపోయిందట. ఇదంతా నాకు తర్వాత ఆయనే చెప్పారు.

రిటైరైన రోజు నా చేతిలో ఒక కాగితం పెట్టారు. అంతా తెలుగే.

“ఏ మెసీను దేనికో అన్నీ రాసీసేను తల్లీ. నువ్వు మనోల పిల్లవి కదా, ఏక్ బార్ సదువుకో సాలు, బస్.”

“చదువుతాను బాబాయ్,” అన్నాను.

నాకు తెలుగు చదవడం రాదు. రంగత్‌లో హిందీ బడిలో చదివాను. మాట్లాడమంటే మాత్రం నన్ను మించినవాళ్ళు లేరు. ఆయన తెలుగు పత్రిక చూపించినప్పుడల్లా కళ్ళు అటూ ఇటూ తిప్పి, “బాగుంది బాబాయ్” అనేదాన్ని. ఆ నాటకం ఎన్నేళ్ళు ఆడానో! ఆ రోజు నిజం చెప్పడానికి మొహం చెల్లలేదు. మిన్నీ బేలో మా ఇంటికి తీసుకెళ్తే అమ్మ చదివిపెట్టేది. ఇంత చదువు వెలగబెట్టి ఇది రాదా అంటుందని తీసుకెళ్ళలేదు. కాగితాన్ని సొరుగులో పడేశాను.

ఇప్పుడు చదవగలను. జరగాల్సిందంతా జరిగాక అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. మూడో వరుసలో ఇలా ఉంది: “ఇది ఆపేసి ఉంటుంది. తీసేయకు తల్లీ, ఇందులో మా అమ్మ ఉంది.”

కొత్త సర్వర్‌లో చోటు తక్కువ. ఆపేసి ఉన్న మెషీన్లు ఎవరివో చెప్పమని అన్ని విభాగాలకూ మెయిల్ పెట్టాను. జవాబు వచ్చినవి మార్చాను. మూడోదానికి రాలేదు. చెప్పాల్సినాయన ఇంట్లో ఉన్నారు, ఆఫీసు మెయిల్ ఆయనకెలా అందుతుంది? ఒకసారి ఆన్ చేసి చూద్దామనుకున్నాను. పాత సర్వర్ వేడెక్కి మిగతావీ ఆగిపోతాయని మానుకున్నాను. అది సాకు. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చేస్తే “కాయితంలో రాసేను కదా” అంటారని భయం. ఆపేసినవాటికి బ్యాకప్ తీసే అలవాటు మాకు లేదు. రూలు ప్రకారం పాత డిస్కులన్నీ తుడిచేసి, పెట్టెను ఓడెక్కించాం.

కొన్ని నెలలకు బాబాయ్ పెన్ డ్రైవ్ పట్టుకుని వచ్చారు.

“మనవరాలు, ఆ మూడో మెసీనులో దాసిన ముసిల్దాని మాట ఇంటానంటంది. నాకూ ఇప్పుడు ఇనాలనుంది. కాపీ చేసిస్తావా తల్లీ?”

లేదని చెప్పాను. ఎలా పోయిందో కూడా చెప్పాను, కాగితం సంగతి తప్ప. ఆయన కుర్చీలో కూర్చున్నారు. కొత్త సర్వర్ అసలు చప్పుడు చేయదు.

“ఆ కాయితం సదివేవా?” అన్నారు చివరికి.

“చదివాను.”

రాదని చెప్పి ఉంటే తిట్టేవారేమో, అక్కడితో పోయేది. ఆయన తలాడించారు.

“అయితే మూడోది రాయడం నానే మరిసిపోనాను. బుడ్డా అయిపోయేను కదా, ముసిలి మతిమరుపు. గల్తీ నాదే, నువ్వు బాధపడకు.”

నా తలమీద చెయ్యి వేసి, ఫెర్రీకి వేళయిందంటూ లేచారు.

ఇప్పటికీ జెట్టీలో ఎదురైతే, నేను ఎక్కడ బాధపడతానోనని ఆయనే ముందు మాట్లాడతారు. పక్కనున్నవాళ్ళకు నన్ను చూపించి, “ఈ పిల్ల తప్పేటీ నేదు, మా అమ్మని నానే పోగొట్టుకున్నాను” అంటారు. నేను కాదని అనను.