పెద్దమ్మ చాచిన కాలు

మొన్న పులివెందుల బస్టాండులో ఒక పెద్దాయన బస్సెక్కబోయి తలుపు ముందర ఆగిపోయాడు. మడమలు లేస్తున్నాయి కానీ పాదాలు నేలను వదలడం లేదు. వెనకనున్నవాళ్ళు "ఎక్కప్పా, ఎంతసేపు?" అని తోసుకుంటుంటే, మా పెద్దనాయన గుర్తొచ్చి గబగబా వెళ్ళి వాళ్ళను ఆపాను. ఆయన తన వీలు చూసుకుని ఎక్కాడు. బస్సు కదిలిపోయాక కూడా నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

పెద్దనాయనకు ఊరి బయట చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. ఆయనతో నడవాలంటే పక్కవాళ్ళు పరుగెత్తాల్సిందే; ఏదో చెబుతూ పక్కకు తిరిగి చూసేసరికి మనం ఎక్కడో వెనక ఉండేవాళ్ళం. అలాంటి మనిషికి అరవై దాటాక చెయ్యి వణకడం మొదలై, క్రమంగా అడుగు చిన్నదైపోయింది. ప్రొద్దుటూరు డాక్టరమ్మ పార్కిన్సన్స్ జబ్బని చెప్పింది. మందులు మింగుతున్నా గడపల దగ్గరా మలుపుల దగ్గరా కాళ్ళు నేలకు అతుక్కుపోయేవి. ఒకసారి స్నానాల గదిలో గిరుక్కున తిరగబోయి పడి, కనుబొమ్మ చిట్లింది. అప్పుడు డాక్టరమ్మ పెద్దమ్మను కూర్చోబెట్టి, "కాళ్ళు ఆగినప్పుడు లాగొద్దు, తొయ్యొద్దు. ముందర అడ్డంగా ఏదైనా కనిపిస్తే, దాన్ని దాటడానికి అడుగు లేస్తుంది" అని వివరించింది. పెద్దమ్మ ఇంటికొచ్చి ప్రతి గడప ముందరా పసుపు రంగు టేపు అతికించింది. ఇల్లు కబడ్డీ కోర్టులా తయారైంది గానీ, పెద్దనాయన ఆ గీతలు దాటుకుంటూ గదులన్నీ తిరిగేవాడు. చేతికర్ర మాత్రం సిగ్గుపడి ముట్టలేదు. బయటికి రావడమే మానేశాడు.

అలా ఉండగా జమ్మలమడుగులో మా చెల్లెలి పెళ్ళి వచ్చింది. మా నాన్న లేడు కాబట్టి కన్యాదానం చెయ్యవలసింది పెద్దనాయనా పెద్దమ్మే. "నేను రానులే. నలుగురిలో పడితే ఆ పిల్ల పెండ్లి పాడైతాది" అన్నాడాయన. పెద్దమ్మ వినలేదు. తీరా కల్యాణ మండపం తలుపు దగ్గర, ఎర్ర తివాచీ మొదలయ్యే చోట ఆయన ఆగనే ఆగిపోయాడు. లోపల మేళం మోగుతోంది, పురోహితుడు పిలుస్తున్నాడు. బంధువొకాయన సాయం చేద్దామని చెయ్యి పట్టి లాగేసరికి పెద్దనాయన ముందుకు తూలాడు.

"లాగొద్దప్పా, పడతాడు!" అని పెద్దమ్మ అరిచి, ఆయన్ను నిలబెట్టింది. తర్వాత పట్టుచీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి, పక్కనుంచి తన కాలు ఆయన పాదాల ముందర అడ్డంగా చాచింది.

"దాటు మామా."

"మనిషి కాలు దాటేదేంది మే? అందరూ చూస్తాండారు."

"చూడనీలే. ఆడ పాప పీటల మీద కాచుకోనుండాది. దాటు."

మా ఇళ్ళల్లో మనిషి కాళ్ళు దాటితే చిన్నపిల్లలకు కూడా చీవాట్లు పడేవి. పెద్దనాయన ఆమె కాలు చూశాడు, ముఖం చూశాడు. పాదం లేచింది. ఆమె పక్కనే జరుగుతూ, ఆయన ఆగినప్పుడల్లా కాలు చాపుతూ పీటల దాకా తీసుకుపోయింది. ఎవరో ముసలామె "ఇదేం విడ్డూరమమ్మా" అంది గానీ, నవ్విన వాళ్ళెవరూ లేరు. ధారపోసేటప్పుడు ఆయన చెయ్యి వణికి నీళ్ళు చెల్లెలి చీర మీద చిందాయి. చెల్లెలు తుడుచుకోలేదు.

ఆ పెళ్ళితో ఆయన సిగ్గు పోయింది. సాయంత్రాలు ఇద్దరూ తోట దాకా వెళ్ళేవాళ్ళు. దారిలో కాళ్ళు మొరాయిస్తే ఆయనే "కాలు పెట్టు మే" అనేవాడు. మళ్ళీ పడలేదని చెప్పను, పడ్డాడు, లేచాడు. కొన్నేళ్ళకు జబ్బు ముదిరి కుర్చీకి పరిమితమయ్యాడు, ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయాడు. వాళ్ళు అలా నడిచిన రోజుల్లో మేమంతా ఆ తోట దారి వాళ్ళకు ఎంత కష్టమో అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఆలోచిస్తే, కాపురమంతటిలో వాళ్ళిద్దరికీ తీరిగ్గా దొరికిన కాలం ఆ నిదానపు సాయంత్రాలే అనిపిస్తుంది.