మహిమలు వడ్డించే వినోద

ఆదివారం మధ్యాహ్నం చివరి పళ్ళెం కడిగి బోర్లించాక, సూరత్ నగరం పర్వత్ పాటియాలోని వినోద మెస్సులో ఇంకో లోకం తెరుచుకుంటుంది. తుడిచిన బల్ల మీద ఉప్పు డబ్బా కొండవుతుంది. పచ్చడి జాడీ కోటవుతుంది. చెక్కలో పొడుగునా పారిన పగులు నది. వినోద ఆ నది మీదుగా చెయ్యి అలా ఆడిస్తే చాలు, చూస్తున్నవాళ్ళకి నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది.

నలభై రెండేళ్ళ వినోద, సిరిసిల్ల నుంచి మరమగ్గాల పనికి వచ్చిన కుటుంబంలో, సూరత్‌లోనే పుట్టింది. భర్త గంగారాం ఇప్పటికీ మగ్గాల మీదే ఉన్నాడు. ఆమె మెస్సులో రోజుకు అరవై మంది తింటారు. వారమంతా అందరూ ఆమె చేతిలోని గరిటెను చూస్తారు. ఆదివారం మూడు గంటలసేపు ముగ్గురు మాత్రం ఆమె ముఖం చూస్తారు. ఆ మూడు గంటల కోసం ఆమె ఆరు రోజులూ ఉల్లిగడ్డలు కోస్తూ కథ అల్లుకుంటుంది.

ఆట నేర్పింది శ్రీప్రియ అనే సాఫ్ట్‌వేర్ అమ్మాయి. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు ఆ కథలో వీరులై ఎటు నడవాలో, ఎవరితో తలపడాలో చెబుతారు. అది కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది; పెద్ద అంకె పడితే కుదిరినట్టు. పూణేకి బదిలీ అయిన రోజున శ్రీప్రియ పాచికల సంచీ వినోద చేతిలో పెట్టి, "నాకంటే మీరే బాగా చెప్తారు ఆంటీ" అని రైలెక్కింది. అప్పటినుంచి కథ చెప్పేది వినోదే.

ఆడేవాళ్ళలో మొదటివాడు అంబదాస్. పల్సానా దగ్గర షెడ్డులో ఒక్కడే పన్నెండు మరమగ్గాలు నడుపుతాడు. ఇరవై ఏళ్ళు ఆ మోతలో గడిచాయి కాబట్టి పక్కన కూర్చున్న మనిషితో కూడా అవతలి ఒడ్డు మనిషితో మాట్లాడినట్టే మాట్లాడతాడు. ఆటలో కత్తివీరుడు. రెండో మనిషి నీరజ, సందు చివరి క్లినిక్కులో ఫిజియోథెరపిస్టు. విరిగి అతికిన కాళ్ళకు మళ్ళీ నడక నేర్పుతుంది, ఆటలో గోడలు దూకే దొంగ. మూడో మనిషి వెంకటవ్వ. డెబ్బై దాటింది, మెస్సులో వెల్లుల్లి ఒలుస్తుంది. ఆటలో ఏం పేరు పెట్టుకుంటావని మొదటి రోజు అడిగితే ఆమె ముక్కు చిట్లించింది.

"ఎంకటవ్వనే. డెబ్బై ఏండ్లు మోసిన పేరు, గిప్పుడు యాడ దించుమంటవ్?"

కొండరాజు దాచేసిన తొలకరి వానను వెతుక్కుంటూ ఆ ముగ్గురూ ఏడాదిగా నడుస్తున్నారు. దారిలో గెలిచినప్పుడల్లా మహిమగల వస్తువులు దొరుకుతాయి. అవి పంచేది కథ చెప్పేవాళ్ళే. అక్కడే వినోద చెయ్యి పాత అలవాటు మానలేదు. బంతిలో వడ్డించేటప్పుడు ఒకరికి వేసింది అందరికీ వెయ్యాలని తల్లి నేర్పింది. ఎదురుగా మూడు చేతులు కనిపిస్తే ఆమెకు మూడు పళ్ళాలే కనిపించాయి. అంబదాసుకు ఎగిరే చెప్పులిస్తే ఆ చెప్పులే నీరజకు, ఆ చెప్పులే వెంకటవ్వకు. మనిషిని మాయం చేసే ఉంగరాలు మూడు. పగలని డాళ్ళు మూడు.

"చెప్పులు మంచిగనే ఉన్నయి బిడ్డా," అంది వెంకటవ్వ. "ఎగురుడు సరే, దిగుడెట్ల? నా మోకాళ్ళను అడిగినవా?"

వినోద నవ్వేసింది. ఆ మాటను అప్పుడు పట్టించుకోలేదు.

కొన్ని వారాలకు ముగ్గురూ ఎగురుతున్నారు, ముగ్గురూ మాయమవుతున్నారు, ముగ్గురికీ దెబ్బ తగలదు. ఒకరితో ఒకరికి పని లేదు. నెల రోజులు కష్టపడి ఆమె అల్లిన అగ్నిసర్పం రెండు పాచికలకే చచ్చింది. నీరజ ఫోన్లోకి తల వంచింది. అంబదాస్ గట్టిగా ఆవులించాడు.

"వదినా, ఏమనుకోకు. మా బావ కడోదరా ఊర్ల ఐతారం ఐతారం క్యారం పెట్టిండు, రమ్మని ఒక్కటే నస. ఇంకొక్క వారం ఈడికి వస్త. మల్ల చూద్దాం."

నీరజ తల ఎత్తలేదు. అంబదాస్ పోతే నీరజా రాదని వినోదకు తెలుసు. ఇద్దరు పోతే కథ ఎవరికి చెప్పాలి? ఆ రాత్రి కూరగాయలు వాడిపోయినట్టు ఆమె ముఖం వాడిపోయింది.

తను పెట్టింది తక్కువైందేమో అనుకుంది. గురువారం పప్పు కలుపుతూ మూడు వజ్రాల కిరీటాలు ఊహిస్తోంది. ఒకే బరువు, ఒకే మెరుపు. పెదాలు కదులుతుంటే వెంకటవ్వ పట్టేసింది.

"కిరీటమా? నాకొద్దు. నా మెడ నా తలకాయనే మొయ్యలేకపోతున్నది."

"అందరికీ ఒక్కతీరుగ ఇయ్యాలె గదా అవ్వా. తేడా చేస్తె పాపం."

రాత్రి పాళీ ముగించి పడుకుని, అప్పుడే నిద్ర లేచిన అంబదాస్ తినడానికొచ్చాడు. వెనకే నీరజ. వినోద వడ్డించి వచ్చేదాకా వెంకటవ్వ వెల్లుల్లి పక్కన పెట్టి చూస్తూనే ఉంది.

"పోరీ, గిప్పుడు ఒక్కతీరుగనే పెట్టినవా?"

"పెట్టిన."

"నీ మొకం. అంబదాసుకు గిన్నె అడుగు గీకి మాడు పెట్టినవ్. గా పిల్లకు కడుపుల మంట అని పులుసు ముట్టనియ్యలే. నాకు పండ్లు లేవని మెత్తగ పిసికినవ్. ఎవలన్న అడిగిన్రా నిన్ను?"

వినోద తిరిగి ఆ పళ్ళాల వైపు చూసింది. ఆమె చెయ్యి ఇన్నేళ్ళుగా ఆమెకు చెప్పకుండానే ఒక పని చేస్తోంది. అంబదాస్ కరకరలాడే మాడును కళ్ళు మూసుకుని నములుతున్నాడు. మెస్సులో అంత మురిపెం ఇంకెవరి ముఖంలోనూ లేదు.

ఆదివారం నాలుగింటికి ముగ్గురు వీరులూ ఒక పొగమంచు నది చేరారు. పడవవాడు చెప్పులూ ఉంగరాలూ డాళ్ళూ ఒడ్డునే వదలమన్నాడు, లేకపోతే పడవ మునుగుతుందన్నాడు.

"గిదేం చెక్‌పోస్టు వదినా!" అంబదాస్ లేచి నిలబడ్డాడు. "ఒంటి మీద బట్టలన్న ఉండనిస్తరా?"

"కూసో. అవతలి ఒడ్డు మీద మీకోసం మూడున్నయి."

వినోద జీవితంలో మొదటిసారి తెలిసి తెలిసి తేడాగా వడ్డిస్తోంది.

నీరజకు సుద్దముక్క. దానితో గీసిన చోటల్లా తలుపు పుడుతుంది, కానీ ఆ తలుపును ఇంకొకరు తోయాలి. వెంకటవ్వకు గొంతు. ఆమె తిట్టింది ఏదైనా సరే, కొండైనా కోతైనా, ఒక్క ఊపిరి కాలం ఆగిపోతుంది. అంబదాసుకు చెవిపోగు. అది పెట్టుకుంటే లోకంలోని అతి చిన్న చప్పుడు వినిపిస్తుంది.

"అవ్వకు కొండలు ఆపే తిట్టు, నాకు చెవిపోగా?" అంబదాస్ అరిచాడు. "కత్తివీరునికి? ఏం ఇన్సాఫ్ ఇది?"

వినోద కథ అందుకుంది. ఎదురుగా కొండరాజు కొండ. ద్వారం లేదు, కిటికీ లేదు. ఎగరడానికి చెప్పులు లేవు. ముగ్గురూ చాలాసేపు ఉప్పు డబ్బాను చూస్తూ కూర్చున్నారు.

చివరికి అంబదాస్ ఆ చెవిపోగు పెట్టుకున్నానన్నాడు. "ఏం ఇనవడ్తది?"

"నువ్వే చెప్పు."

అతను కళ్ళు మూసుకున్నాడు. సందులో ఆటో పోయింది. అది వెళ్ళాక మెల్లగా, ఎవరూ ఎప్పుడూ వినని గొంతుతో అన్నాడు.

"చుక్క. లోపట... ఒక్క చుక్క వడ్తున్నది."

అతని రహస్యం వినడానికి ముగ్గురాడవాళ్ళూ బల్ల మీదికి వంగారు. నీరజ ఫోను ఎప్పుడు పక్కన పెట్టిందో ఆమెకే తెలియదు.

"ఎక్కడ? జల్దీ చెప్పు అన్నా!"

"ష్. కింద, ఎడమ దిక్కు. చీమ నీళ్ళు తాగినట్టున్నది."

నీరజ బల్ల మీద వేలితో తలుపు గీసింది. అంబదాస్ భుజం పెట్టి తోశాడు. పాచిక దొర్లి పద్నాలుగు మీద నిలిచింది. తలుపు తెరుచుకుంది. ఏడాదిపాటు చీకట్లో ముడుచుకున్న తొలకరి, కట్ట తెగిన ఏరులా వాళ్ళ మీదికి దూకింది.

"అవ్వా! తిట్టు!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

వెంకటవ్వ కొంగు నడుముకు చెక్కింది. పాచికను గుప్పిట్లో ఊపి విసిరింది.

"ఆగు! ఎవలను అడిగి ఉరుకుతున్నవే? పిల్లలున్నరు, కనవడ్తలేదా కండ్లకు? బుద్ధి లేని వానా!"

పాచిక ఉప్పు డబ్బాకు కొట్టుకుని తిరిగి వచ్చింది. పంతొమ్మిది.

వాన ఆగింది. గాలిలో వేలాడే కోటి చుక్కలు, ఒక్కో చుక్కలో ఒక్కో వెంకటవ్వ. ఆ ఒక్క ఊపిరిలో ముగ్గురూ చేతులు పట్టుకుని పక్కనున్న రాతి మీదికి ఎక్కారని వినోద చెప్పింది. తర్వాత వాన వాళ్ళను తాకకుండా దిగువకు, ఎండిన నేల మీదికి నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నీరజ చప్పట్లు కొట్టింది. వెంకటవ్వ ఎవరినో నిజంగానే కాపాడినట్టు చెమట తుడుచుకుంది. ఆమె ముఖం చిన్నపిల్ల ముఖమైంది.

అంబదాస్ ఏమంటాడోనని వినోద పాచికలు సంచీలో వెయ్యకుండా పట్టుకుని కూర్చుంది. అతను జేబులోంచి ఫోన్ తీసి గడప దాకా నడిచాడు. గొంతు మళ్ళీ అవతలి ఒడ్డు గొంతైపోయింది.

"హలో బావా! క్యారంకు నేను రాను. వచ్చే ఐతారమే కాదు, అసలే రాను... కోపమెందుకుంటది? పని వడ్డది... ఏం పనంటె ఎట్ల జెప్పాలె నీకు... మా అవ్వ వానను తిట్టింది బావా!"