పదంటే పదే

భువనగిరి గడియారాల బీరన్న రోజూ మ్యాట్నీకి వెళ్లేవాడు కానీ, జన్మలో ఒక్క సినిమా చూసి ఎరగడు. ఆయన చూసేవి స్లైడ్లు. అంటే, ఆటకు ముందు తెర మీద పడే కిరాణా కొట్టు, చెప్పుల దుకాణం ప్రకటనలు. అవి అయిపోయి హీరో పేరు పడగానే, జనం ఈలలు వేస్తుంటే, ఈయన అడ్డమొచ్చిన మోకాళ్లన్నీ దాటుకుంటూ బయటికి వచ్చేసేవాడు.

"పిక్చర్ ఎట్లుంది బీరన్నా?" అని గేటు దగ్గర ఎవరైనా అడిగితే, "చెప్పుల దుకాణంది ఎనిమిది సెకండ్లే ఏసిండు. అన్యాలం!" అనేవాడు.

ఈయన వల్ల ఎక్కువ అవస్థ పడింది ఆపరేటర్ జాఫర్. గాజు పలకలను ఒక్కొక్కటే చేత్తో మిషన్లోకి నెట్టడం అతని పని. స్లైడుకు పది సెకండ్లని దుకాణదారులతో మాట. అసలు లెక్క మాత్రం జాఫర్ బీడీని బట్టి నడిచేది. బీరన్న బెంచీ క్లాసులో జేబు గడియారం పట్టుకుని కూర్చున్నప్పటి నుంచి ఆ సుఖం పోయింది.

"ఓ జాఫర్! గది నాలుగుకే గుంజినవ్!"

"బీడీ ఆరిపోయింది కాకా! ముట్టిచ్చుకోవద్దా?"

"నీ బీడీకి టైముంటది గని, దుకాణపోళ్లకు ఉండదా?"

ఎనభై ఎనిమిదిలో దసరా ముందు ఈ తగాదా ముదిరింది. టాకీసు యజమాని కిష్టయ్య సేటుకు బట్టల కొట్టు ఉంది, అందులోనే నలుగురు దర్జీలు. అదే ఏడు చౌటుప్పల్ నుంచి సకీనా అనే ఆమె వచ్చి, బస్టాండు వెనక సందులో ఒక్క మిషనుతో కుట్టు దుకాణం పెట్టింది. పండగ గిరాకీ రాకపోతే దుకాణం మూసి అన్న ఇంటికి పోవాల్సిందే. గిరాకీ వస్తుందన్న ఆశతోనే ఆమె ఒక స్లైడు వేయించింది.

సేటు జాఫర్‌ను పిలిచి మెల్లగా చెప్పాడు. "మనది సల్లగ సూపియ్యి. ఆమెది గట్ల ఏసి గిట్ల గుంజు."

జాఫర్ అలాగే చేశాడు. కొలువు మరి. కానీ ఆ పలక ముట్టుకున్నప్పుడల్లా మనసు పని మీద నిలిచేది కాదు. ఒక రోజు తలకిందులుగా పెట్టాడు కూడా.

బీరన్న బెంచీ ఎక్కి నిలబడ్డాడు. "సేటుది ఇర్వై అయిదు! సకీనా బేగంది రెండు! గదిగూడ శీర్షాసనం!"

గేటువాడు రెక్క పట్టి బయట పెట్టాడు. మర్నాడు టికెట్ కొనుక్కుని ఆయన మళ్లీ వచ్చాడు. మళ్లీ బయట పెట్టారు. నాలుగో రోజుకు బెంచీ క్లాసంతా ఆయనతో కలిసి లెక్కపెట్టడం నేర్చుకుంది. సేటు చీరల స్లైడు పది దాటగానే "గుంజు! గుంజు!" అని ఒకటే గోల. సకీనా స్లైడు రెండుకే మాయమైతే, ఖాళీ తెరను చూస్తూనే జనం "మూడు... నాలుగు..." అని ముందుకు పోయారు.

"పది కాంది సిన్మా వద్దు!" అని బీరన్న అరిచాడు. "వద్దు!" అన్నది హాలు.

పైన జాఫర్ బీడీ పక్కన పెట్టాడు. కొలువు పోతే పోనీ అనుకున్నాడు. పలక తీసి, అంగీతో తుడిచి, నిటారుగా పెట్టాడు. పది సెకండ్లు కదల్చలేదు.

సేటు బీరన్ననూ జాఫర్‌నూ ఆఫీసుకు పిలిపించాడు.

"లొల్లి బంద్ చెయ్ బీరన్నా. నీ స్లైడు రోజూ అందరికంటె ముంగట ఏపిస్త, పుణ్యానికి. ఏది నీ స్లైడు?"

"నాకు స్లైడెక్కడిది సేటూ?"

సేటు జాఫర్ వైపు చూశాడు. జాఫర్ లేదన్నట్టు తల ఊపాడు. అతనికీ ఆ సంగతి అప్పుడే తట్టింది.

"మరి నెల దినాల నుంచి గీ పంచాది ఎవలి కోసం?"

"దుకాణం ఇడిసిపెట్టి వాళ్లు మ్యాట్నీకి రాగలుగుతరా? ఆమె మిషను మీదికెల్లి లేస్తే ఆ పూట గడుస్తదా? వాళ్ల స్లైడు వాళ్లు సూసుకోలేరు. ఎవడో ఒకడు సూడాలె గద. నా దగ్గర గడియారాలున్నయ్, నేను సూస్తున్న."

"పోనీ, రేపటికెల్లి నీకు టికెట్ లేకుండ పాసిస్త."

"వద్దు. పాసు తీసుకుంటే నా గడియారం నీ దిక్కు తిరుగుతది."

మర్నాడు గేటు దగ్గర బోర్డు పడింది. అందరికీ పది సెకండ్లే, వారానికొకరిది మొదటి స్లైడు. పండగకు వారం ముందే సకీనా కొత్త బట్టలు తీసుకోవడం మానేసింది, కుట్టడానికి చేతులు చాలక. జాఫర్ కుట్టమని ఇచ్చిన అంగీ గుడ్డను కూడా వాపసు పంపింది.

బోర్డు పడిన రోజు మ్యాట్నీకి జాఫర్ మంచి హుషారులో ఉన్నాడు. సేటు చీరలను ఆరు సెకండ్లకే గుంజేశాడు. హాలంతా చప్పట్లు.

బీరన్న బెంచీ ఎక్కాడు.

"ఓ జాఫర్! నవ్వుతున్నవేందిరా? సేటుకు ఇంకా నాలుగు రావాలె. ఎయ్!"

జాఫర్ పలక మళ్లీ పెట్టాడు. బాల్కనీలో సేటు తలవంచుకుని కూర్చుంటే, కింద ఆయన చీరల కోసం బీరన్న ఒక్కడే గొంతెత్తి, ఏడు నుంచి పది దాకా లెక్కపెట్టాడు.