కాగితం అతికించిన బిల్లు

మొన్న ఉదయం కోర్టు మెట్లెక్కుతుంటే బంట్రోతు ఎదురొచ్చి, "కొవ్వూరు ప్లీడరు గారు పోయారండి" అన్నాడు. రాజమహేంద్రవరం కోర్టులో పాతికేళ్లపాటు ఎన్నో దావాల్లో మేమిద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం. ఆయన నాకు గురువు కారు, చుట్టమూ కారు. అయినా ఆ రోజు వాయిదా అడిగి ఇంటికొచ్చేశాను.

కక్షిదారు లోపలికొస్తే ఆయన మొదట తన గుమాస్తాను బయటికి పంపేవారు. రోహిణికార్తె ఎండల్లో కూడా కిటికీ తలుపులు మూసేసేవారు. "ఇంత ఉక్కలో ఎలా ఉంటారండీ?" అంటే, "చెప్పేవాడికి భయం ఉండకూడదు కదండీ" అనేవారు.

ఒకసారి అన్నదమ్ముల మధ్య లంక భూమి దావా వచ్చింది. వరద తర్వాత గోదావరి మధ్య మేట వేసి తేలిన పొలం అది. అన్న తరఫున ఆయన, తమ్ముడి తరఫున నేను. అన్న గెలిచాడు. అన్న ప్లీడరు ఖర్చులు కూడా తమ్ముడే ఇచ్చుకోవాలన్నారు జడ్జిగారు. నేను లేచి, "ఇచ్చేది మేమైనప్పుడు ఏ పనికో మాకు తెలియాలండి. బిల్లు చూపించమనండి" అన్నాను. నిజానికి నాకు కావలసింది లెక్క కాదు. ఆ మూసిన గదిలో ఏం మాట్లాడుకున్నారో తెలుసుకోవాలని.

మర్నాడు బిల్లు తెచ్చారు. మొత్తాలన్నీ కనబడుతున్నాయి. ఐదు చోట్ల మాత్రం, పని వివరం మీద గంజితో కాగితం ముక్కలు అతికించి ఉన్నాయి.

"ఇవేంటి?" అన్నారు జడ్జిగారు.

"నా కక్షిదారుకి ఇచ్చిన సలహాలండి. ఎంత తీసుకున్నానో చెబుతాను. దేనికో ఆయన ఒప్పుకుంటేనే చెబుతాను."

వెనక నిలబడ్డ అన్న తల అడ్డంగా ఊపాడు.

"అయితే ఆ ఐదూ తీసేయండి. చూపించలేనిదానికి ఎదుటివారిని డబ్బు అడగను" అని కూర్చున్నారు.

ఊరు ఊరుకోలేదు. దొంగ సాక్షులకిచ్చిన సొమ్మే ఆ కాగితాల కింద ఉందన్నారు. అలా అన్నవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆయనకు దావాలు తగ్గాయి. ఓసారి రేవులో పడవ కోసం నిలబడినప్పుడు ఉండబట్టలేక, "ఒక్క ముక్క చెబితే మీ పేరు నిలబడేది కదండీ?" అన్నాను.

"నాతో చెప్పుకున్న మాట నాది కాదండీ. నా పేరు కోసం ఎలా వాడుకోను?" అన్నారు.

కొన్నేళ్లకు అన్న పోయాడు. అతని భార్య ఆ బిల్లు పట్టుకుని మా ఇంటికొచ్చింది. కాగితం ముక్కలు ముందే తడిపి తీసేసింది. ఐదు చోట్లా ఒకటే రాత: "తమ్ముడికి సగం ఇచ్చి రాజీపడమని చెప్పినందుకు."

"ఐదుసార్లు చెప్పారండి. మా ఆయన వినలేదు" అందావిడ. "ఇది చదివించుకున్నాక నాకు మనసొప్పలేదు. సగం లంక మా మరిదికి రాసిస్తాను. దస్తావేజు మీరే రాయండి."

రాశాను. తర్వాత కొవ్వూరు వెళ్లి ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. "ఆవిడే చూపించారా? అయితే సరేనండి" అని మజ్జిగ ఇప్పించారు. ఆయన ఆ రోజే కోర్టులో నోరు విప్పి ఉంటే తమ్ముడు అన్నేళ్లు కూలికి వెళ్లేవాడు కాడేమో. ఆ సంగతి ఆయన్ని ఎంత తొలిచిందో, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నిన్న మళ్లీ కొవ్వూరు, ఆయన ఇంటికి వెళ్లాను. గుమాస్తా అరుగు మీద కూర్చుని, ఎవరి కాగితాల కట్ట వాళ్లకి విప్పకుండా ఇచ్చేస్తున్నాడు. జల్లు పడుతోంది. చేపలమ్ముకునే ఒక ముసలావిడ తన కట్ట అందుకుని, తాడు ముడి వేళ్లతో తడిమి చూసుకుంది. కొంగు కింద దాచుకుని, వానలో రేవు వైపు నడిచింది.