రెండుసార్లు కొట్టిన ముద్ర

మా నాన్న వడ్రంగి. చేతులు వణకడం మొదలయ్యాక పని మానేశాడు గానీ చెక్కను నునుపు చేసే చిత్రికలను మానలేకపోయాడు. పాత చిత్రిక ఎవరు తెచ్చినా అది ఏ కాలం నాటిదో, ఎవరు చేశారో పరీక్షించి చీటీ రాసిచ్చేవాడు. "నా మొహం ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా చూశారా?" అని అమ్మ దెప్పేది.

ముందు చెక్క దిమ్మ అంచులు తడిమేవాడు. అంచు వెడల్పుగా చెక్కి ఉంటే పాతది, సన్నగా ఉంటే ఈమధ్యది. బ్లేడు మీద పేరు చూసి చెప్పేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. "బ్లేడు అరిగితే ఇంకోటి వేస్తారు. చొక్కా గుండీ చూసి మనిషి పేరు చెబుతారా?" అనేవాడు. చేసినవాడి ముద్ర దిమ్మ ముందు కొస మీద, అంటే ముక్కు మీద, ఒక్కసారే ఉంటుందనీ, వాడుకున్నవాళ్లయితే దొంగల భయంతో రెండు మూడుసార్లు కొట్టుకుంటారనీ ఆయన సూత్రం.

ఈ పిచ్చంతా మా తాత కోసం. చిత్రికలు చేసే కార్ఖానాలో పనిచేస్తూ, నాన్నకు మూడేళ్లప్పుడే పోయాడు. ఫోటో లేదు. అక్కడ ఒక్కో పనివాడికీ ఒక్కో ముద్ర ఉండేదట, తాతది ఏదో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన చేతి చిత్రిక ఒక్కటైనా చూడాలని నాన్న ఆశ.

ఒక చలికాలం ఉదయం ఒకావిడ తన మామగారి చిత్రిక ఇచ్చి వెళ్లింది. ముక్కు మీద చిన్న ఆకు ముద్ర, పక్కపక్కనే రెండు.

"ఈ ఆకువాడు మళ్లీ వచ్చాడే. వాడుకున్నవాడే వీడు" అని నాన్న విసుక్కుని, చేసినవారు తెలియదని చీటీ రాసేశాడు.

ఆ మధ్యాహ్నమే నాన్న మేనత్త వచ్చింది. ఏదో మాటపట్టింపుతో ముప్పయ్యేళ్లుగా రాకపోకల్లేవు. కాఫీ తాగుతూ బల్ల మీది చిత్రికను చేతిలోకి తీసుకుంది.

"మా అన్నయ్య ముద్రేరా ఇది."

"కాదత్తా. రెండుసార్లు కొట్టి ఉంది, చూడు."

"రెండుసార్లే కొట్టేవాడురా. మొదటిది సరిగ్గా పడలేదేమోనని అనుమానం. తలుపు గొళ్లెం కూడా రెండుసార్లు చూసుకునేవాడు మీ నాన్న."

నాన్న చిత్రిక అందుకుని ఆ రెండు ఆకులనీ వేలితో తడిమాడు. ఇన్నేళ్లలో ఆకు ముద్రవి ఎన్ని వచ్చాయో. అన్నిటికీ తెలియదని రాసి తిప్పి పంపాడు. తండ్రి వచ్చి తలుపు తట్టినా ఎవరో అనుకుని పొమ్మన్నట్టయింది.

సాయంత్రం చిత్రిక ఇచ్చినావిడ వచ్చింది.

"ఎవరు చేశారో తెలిసిందాండీ?"

"మా నాన్న."

ఆవిడ తెల్లబోయింది. "మా ఆయన రోజూ దీంతోనే పని చేస్తారండీ. లేకపోతే మీకే..." అని నసిగింది.

"వద్దమ్మా, పని చెయ్యనివ్వండి." చిత్రికను గుడ్డలో చుట్టబోయి నాన్న ఆగాడు. "బ్లేడు దించడానికి మీ ఆయన దీని ముక్కు మీద సుత్తితో కొడుతున్నట్టున్నారు. బ్లేడు నెత్తిన తడితే చాలని చెప్పండి. ముక్కు మీద కొట్టొద్దనండి, అక్కడ మా నాన్న ఉన్నాడు."