కొత్త ప్రింటులో నాయన లేడు

నా చిన్నప్పుడు గోరంట్ల దగ్గర సినిమా తీసినవాళ్లు ఒక సీను కోసం మా గొర్రెల మందను, మా నాయనను పిలిపించుకున్నారు. ఆ సినిమా వీడియో క్యాసెట్టులో మొహం మసకగా ఉన్నా, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆ సీను ఆపి, మందను తోలుకుపోయే కాపరి నాయనేనని చూపిస్తూ వచ్చాం.

ఈ రోజు హిందూపురంలో అదే సినిమా డీవీడీ దొరికింది. గీతలన్నీ తీసేసి శుభ్రం చేసిన కొత్త ప్రింటట. సంబరంగా తెచ్చి పెట్టాను. నిజంగానే అద్దంలా ఉంది. బండలు, ముళ్లచెట్లు, కాపరి మీసం, అన్నీ కనిపించాయి. ఆ మీసం నాయనది కాదు. మొహమూ కాదు.

నాయన టీవీ దగ్గరికి జరిగి చూశాడు.

"ఆ చెవి తెగిన పొట్టేలు మనదే. ఈడెవడప్పా?"

"మరి నువ్వు యాడుండావు నాయనా?"

"ఆడే ఉండా. నడిసింది నేనేరా! ఈ సీడీ సరింగా లేదు, పాతది పెట్టు."

క్యాసెట్టు పెట్టాను. మసకమసకగా నాయన నడుచుకుంటూ వచ్చాడు. "అదో, మీ నాయన నడకే గదా," అంది అమ్మ. నాకూ అలాగే అనిపించింది.

పొట్టేలు మాత్రం రెండింట్లోనూ మాదే. రేపు మేనత్త వాళ్లు వస్తున్నారు. ఏది పెట్టమంటారు?